రాయికి మూడు మార్కులు

పాలమూరు. ఏప్రిల్. స్పాట్ వాల్యుయేషన్.
బడి రేకులు ఎండకు టిక్కుటిక్కుమంటున్నయి.
పూటకు ఇరవై పేపర్లు, ఎర్రపెన్ను,
బల్ల మీద లింగాచారి సారు పరిచిపోయిన
జవాబు సూచికల కాగితం.

ఐదో ప్రశ్న.
ఇచ్చిన కవితలో రాజు గుండెను రాయి అన్నారు.
రాయి దేనికి ప్రతీక?

కాఠిన్యం, ఒక మార్కు.
దయలేనితనం, ఇంకొకటి.
తప్పుల్లేకుండ రాస్తే మూడోది.

వరుసగ అందరూ కాఠిన్యమే రాసిండ్రు.
ఠ బదులు ట పెట్టి కొందరు కాటిన్యం అన్నరు,
ఆ ట కింద గీతలు గీసి గీసి
నేనే కాటికి రెండడుగులు దగ్గరైన.

పదిహేడో పేపరు.
పేరు లేదు, ఊరు లేదు, బార్‌కోడు గీతలే.
అక్షరాలు కుడిపక్కకు వాలినయి
గాలికి ఒరిగిన సజ్జచేను లెక్క.

"రాయిని రాజు గుండెతోని పోల్చుడు తప్పు సార్.
మా నాయిన గుట్ట మీద రాయి కొడ్తడు.
ముందుగాల సుత్తెతోని తట్టి చెవి పెడ్తడు.
ఠంగుమంటే మంచిది
బొదమంటే లోపల పగులున్నట్టు.
ప్రతి రాయికి ఒక వాటం ఉంటది.
వాటం దొరికితే చిన్న మేకు చాలు
తనంతట తనే విచ్చుకుంటది.
వాటం తెల్వనోనికే రాయి గట్టిది.
ఇంకోటి సార్, పొద్దంత ఎండ తాగిన బండ మీద
మేం రాత్రి పండుకుంటం.
తెల్లారేదాంక వెచ్చగుంటది.
రాజు గుండె అసొంటిదైతే
జనం ఎందుకు ఏడ్చిండ్రు?
టైం అయిపోయింది సార్."

సూచికలల్ల వెతికిన.
వాటం లేదు. వెచ్చదనం లేదు.
కాగితం తిప్పి వెనక కూడ చూసిన,
ఎవరిదో చాయ్ లెక్క ఉంది.

ఇరవై రెండేండ్లు చెప్పిన నేను.
దీపం అంటే జ్ఞానం, రాసుకోండి.
నది అంటే కాలం, అండర్‌లైన్ చేయండి.
ముల్లు అంటే కష్టం, పరీక్షల వస్తది.
హాస్టల్ వార్డెను నడుముకు తాళాల గుత్తి లెక్క
ఘల్లుఘల్లుమనుకుంట తిరిగిన.
బోర్డు ముందు నిలబడి నేను "రాయి" అంటే
నలభై పెన్నులు కదిలేటివి.
ఆ రాయిల ఈ రాయి ఉందని
ఇన్నేండ్లల్ల ఒక్కనాడు తట్టలే.
తట్టనిదే ఎట్ల తెలుస్తది!

పక్క బల్ల నుంచి బుచ్చన్న సారు,
"ఏందమ్మా, ఒక్క పేపరు మీద పావుగంట?"
"రాయి సార్" అన్న.
"రాసెయ్యి మరి, బస్సు పోతది."

రెండు మార్కులు వేసిన.
మూడోది వేద్దామంటే
'పండుకుంటం' దగ్గర నా పెన్నే
అలవాటుగ గీత గీసేసింది.

పెద్దసారు తిరిగి చూసేటప్పుడు
కండ్లద్దాలు పైకి జరిపి
"ఇందుల పాయింటు ఏది?" అన్నడు.
వాటం అన్న.
సూచికల మీద వేలు ఆనించి ఊకున్నడు.
రెండుకు సున్న చుట్టి ఒకటి వేసిండు.
ఆ దిద్దుబాటు కింద
నేను సంతకం పెట్టిన.

దేవరకద్ర దాటినంక బస్సు టైరు పంచరైంది.
జనం దిగి బీడీలు ముట్టించిండ్రు.
రోడ్డు పక్కన గుండ్లు, ఒకదాని మీద ఒకటి,
ఎవరు పేర్చిండ్రో, ఎందుకు పడవో.
బడి పిల్లలకైతే చెప్పేదాన్ని,
సహనానికి ప్రతీక అని.

చీర కొంగు నడుముకు చెక్కి
ఒక గుండును వేలి ముడుసులతోని తట్టిన.
చెవి పెట్టిన.
నా గాజుల చప్పుడే వినపడ్డది.
పొద్దు మునిగి గంటైనా
చెంపకు వేడి మాత్రం తగిలింది.

"టీచరమ్మా, ఎక్కుతవా ఉంటవా?"
కండక్టరు పిలుస్తున్నడు.

ఇంకొంచెం కిందికి, ఇంకో చోట,
తట్టిన.